ఒహాయో సీజను చివరి వారాల్లో ముదురు జింకపోతును విల్లుతో వేటాడడం ఎలా

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో విల్లుతో జింకలను వేటాడే కాలం సెప్టెంబరు చివర మొదలై ఫిబ్రవరి మొదటి ఆదివారంతో ముగుస్తుంది. నాలుగు నెలలు దాటిన ఈ గడువులో ఎక్కువమంది నవంబరును మాత్రమే నమ్ముకుంటారు, ఎందుకంటే ఎదకాలం ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో మగ జింకలు లేళ్ల వెంటపడి పట్టపగలే ఒళ్లు మరిచి తిరుగుతాయి. థాంక్స్‌గివింగ్ పండుగ (నవంబరు నాలుగో గురువారం) తరువాతి సోమవారం మొదలయ్యే తుపాకీ వారం గడిచేసరికి కొన్ని పోతులు నేలకూలతాయి, మిగిలినవి మనిషి వాసన తగిలిన చోటల్లా వదిలేసి దట్టమైన పొదల్లోకి చేరతాయి, వేటగాళ్లలో అధికభాగం విల్లును గోడకు తగిలించేస్తారు. డిసెంబరు మధ్య నుంచి సీజను ముగిసేదాకా మిగిలే ఆ వారాల్లో, నాలుగైదేళ్లు బతికి బట్టకట్టిన వైట్‌టెయిల్ (తెల్ల తోక జింక) పోతును ఇరవై గజాల లోపుకు రప్పించుకోవడానికి ఏం చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను. మీరు ఇప్పటికే ఒకటి రెండు సీజన్లు వేటాడి, లేడినో చిన్న పోతునో కొట్టిన అనుభవం ఉన్నవారన్న అంచనాతో రాస్తున్నాను.

పద్ధతి అంతటికీ మూలమైన సంగతి ఒకటుంది. ఈ కాలంలో పోతుకు కావలసినవి తిండి, భద్రత, ఈ రెండే. పడుకునే చోటికీ మేసే చోటికీ మధ్య అది నడిచే దారి చాలా పొట్టిది, ఆ దారిలో వెలుతురు ఉండగా నడిచే భాగం ఇంకా పొట్టిది. ఆ కొద్దిపాటి దారిలో మీ ఉనికిని అది ఒక్కసారి పసిగట్టినా ఆ సీజనుకు మళ్లీ పగటిపూట కనబడకపోవచ్చు. అందువల్ల ఎక్కువ సాయంత్రాలు వెళ్లి కూర్చుంటే అవకాశం పెరగదు, తరుగుతుంది. అనువైన సాయంత్రం వచ్చేదాకా వెళ్లకుండా ఉండగలగడమే ఈ వేటలో అసలు నైపుణ్యమని నా గట్టి నమ్మకం.

ముందుగా చట్టం

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక. వాటి జోలికి ఎవరూ వెళ్లరాదు. ఇక్కడ చెప్పేదంతా ఒహాయోలో, అక్కడి వన్యప్రాణి విభాగం ఏటా ప్రకటించే నిబంధనలకు లోబడి జరిగే వేట గురించి మాత్రమే. అక్కడ వైట్‌టెయిల్ జింకలు విస్తారంగా ఉన్నాయి, వాటి సంఖ్యను అదుపులో ఉంచే ప్రధాన సాధనం లైసెన్సు పొందిన వేటగాళ్లే.

మొదటిసారి మామూలు లైసెన్సు తీసుకునేవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. వేట లైసెన్సుతో పాటు జింక పర్మిట్ వేరుగా కొనుక్కోవాలి. ప్రైవేటు భూమిలో అడుగుపెట్టాలంటే యజమాని రాతపూర్వక అనుమతి మీ జేబులో ఉండాలి, నోటిమాట చెల్లదు. విల్లు కనీసం 40 పౌన్ల బిగువు (నారిని లాగడానికి పట్టే బలం) కలిగి ఉండాలి, బాణపు ములికి కనీసం ముప్పావు అంగుళం వెడల్పూ రెండు పదునైన అంచులూ ఉండాలి. కొమ్ములున్న జింకను సీజను మొత్తానికి రాష్ట్రంలో ఎక్కడైనా ఒక్కదాన్నే వేటాడవచ్చు. నవంబరులో చిన్న పోతును కొట్టినవారికి ఈ చివరి వారాల్లో పెద్ద పోతు మీద హక్కు లేదు. సీజను చివరి భాగంలో తుపాకీ, మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ) రోజులు కూడా వచ్చిపోతుంటాయి. ఆ రోజుల్లో విల్లు పట్టినవారు సైతం నారింజ రంగు చొక్కా వేసుకోవాలి. ఎర వేయడం ప్రభుత్వ భూముల్లో నిషిద్ధం. 2020లో వయండాట్ కౌంటీలోని అడవి జింకలో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకలను చిక్కి శల్యం చేసి చంపే మెదడు జబ్బు) బయటపడినప్పటి నుంచి, ఆ పరిసర కౌంటీలకు ప్రత్యేక నిబంధనలు అమలులో ఉన్నాయి. ఏటా ఏదో ఒక మార్పు ఉంటుంది కనుక ఆ సంవత్సరపు నిబంధనల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవండి.

వీసా మీద ఉండే తెలుగువారు తరచుగా అడిగే సందేహం ఒకటుంది. ఫెడరల్ చట్టం దృష్టిలో విల్లు తుపాకీ కోవలోకి రాదు, కాబట్టి తుపాకీ దగ్గర ఉంచుకోవడంపై వీసాదారులకు ఉన్న ఆంక్షలు విల్లుకు వర్తించవు.

ఆ పోతు ఇప్పుడు ఏ స్థితిలో ఉంది

ఎదకాలంలో మగ జింక సరిగ్గా మేయదు, నిద్రపోదు, పోట్లాడుతుంది. ఆ కొద్ది వారాల్లో శరీరపు బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కోల్పోగలదు. వెనువెంటనే చలి ముంచుకొస్తుంది. చలిలో జింక శరీరం తన ఖర్చు తగ్గించుకుంటుంది: తక్కువగా కదులుతుంది, ఎండ తగిలే చోట ముడుచుకుని నెమరు వేస్తుంది, శక్తి దండిగా ఉన్న మేత దొరికే చోటికి మాత్రమే నడుస్తుంది. ఆకలి పోతును వెలుతురు ఉండగానే బయటికి తోస్తుంది, భయం చీకటి పడేదాకా ఆపుతుంది. గడ్డకట్టే చలిలో ఆకలిదే పైచేయి అవుతుంది. వెచ్చని రోజుల్లో భయమే గెలుస్తుంది.

నవంబరులో చూలు నిలవని లేళ్లు సుమారు 28 రోజులకు మళ్లీ ఎదకు వస్తాయి. మేత బాగా తిని ఎదిగిన ఆడ కూనలు కొన్ని డిసెంబరులో తొలిసారి ఎదకు వస్తాయి. కనుక లేళ్లూ కూనలూ ఎక్కువగా చేరే చేను దగ్గర పోతు కనబడడానికి తిండి ఒక్కటే కారణం కాకపోవచ్చు. అయితే పోతులను రప్పించడానికి నవంబరులో పనిచేసిన కొమ్ముల చప్పుడు, గురగురల పిలుపు పరికరాలు ఈ వారాల్లో చాలావరకు చేటే చేస్తాయి. వాటిని ఇంట్లో వదిలి వెళ్లండి.

ముదురు పోతును కొమ్ముల సైజును బట్టి కాక ఒంటి తీరును బట్టి గుర్తించడం నేర్చుకోండి. ఎదిగిన పోతుకు రొమ్ము కిందికి దిగి, నడుము కాస్త వంగి, పొట్ట సాగి ఉంటుంది; ఒళ్లు నిండుగా ఉండడంతో కాళ్లు పొట్టిగా అనిపిస్తాయి. కూనలు మే, జూన్ నెలల్లో పుడతాయి కనుక వేటకాలంలో వయసును మూడున్నర, నాలుగున్నర, ఐదున్నర అని లెక్కిస్తారు. డిసెంబరు చివరి నుంచి పోతులు కొమ్ములు రాల్చుకోవడం మొదలుపెడతాయి. జనవరిలో మీరు లేడి అనుకుని గురిపెట్టేది కొమ్ములు రాలిన పోతు కావచ్చు, కాబట్టి విల్లు ఎత్తే ముందు బైనాక్యులర్‌తో దాని నుదురు చూడండి. కొమ్ములు ఊడిన చోట రెండు గుండ్రని మచ్చలు కనబడతాయి.

మొదటి పని: మేత ఎక్కడుందో కనుక్కోవడం

ఒహాయో పశ్చిమ భాగంలో మైదానపు పొలాలు, ఆగ్నేయ భాగంలో ఏథెన్స్, హాకింగ్, వింటన్ కౌంటీల కొండ అడవులు ఉంటాయి. ఈ రెండు చోట్లా మేత వేరు. మైదానంలో కోయకుండా మిగిలిన సోయా చేనుకు మించినది లేదు, ఎందుకంటే మంచు ఎంత పడినా కాయలు దాని పైనే నిలిచి ఉంటాయి. ఆ తరువాతి స్థానం మొక్కజొన్నది. యంత్రం కోసిన చేలో రాలిన గింజలు కూడా జింకలకు చాలు, కానీ రైతు దున్నేశాడా, అలాగే వదిలాడా అని మీరు వెళ్లి చూసుకోవాలి. చలి తగ్గి నేల కరిగిన రోజుల్లో జింకలు గోధుమ మొలకల వైపు, క్లోవర్ వైపు మొగ్గుతాయి. చలి బిగిసిన రోజుల్లో మళ్లీ గింజల దగ్గరికే వస్తాయి.

కొండ అడవిలో పరిస్థితి వేరు. వైట్ ఓక్ కాయలు తియ్యగా ఉండడంతో జింకలు వాటిని శరత్కాలంలోనే ఏరి తినేస్తాయి. వగరు ఎక్కువైన రెడ్ ఓక్ కాయలు ఆకుల కింద మిగిలిపోయి చలికాలపు మేతగా పనికొస్తాయి. మంచును కాళ్లతో గీకి, ఆకులను తలకిందులు చేసిన గుర్తులు రెడ్ ఓక్ చెట్ల కింద కనబడితే ఆ ఏటవాలును వదలకండి. కాయలు కాయని ఏడాదిలో ఇటీవల చెట్లు నరికిన చోట పుట్టిన లేత చిగుళ్లు, ముళ్ల తీగలు, ఆలస్యంగా ఆకు రాల్చే హనీసకిల్ పొదలు మేతగా మిగులుతాయి.

రెండో పని: పడక ఎక్కడుందో దూరం నుంచి ఊహించడం

చలికాలంలో జింకలు దక్షిణం వైపు వాలిన నేలను ఇష్టపడతాయి. అక్కడ ఎండ నేరుగా పడుతుంది, వాయవ్యం నుంచి వీచే చలిగాలికి కొండ అడ్డుపడుతుంది. సెడార్, పైన్ గుబుర్లు, ఎత్తైన గడ్డి, జమ్ము పెరిగిన చిత్తడి నేలలు కూడా వాటికి ఆశ్రయాలే. వీటన్నిటికన్నా ముదురు పోతు ఎక్కువగా వెతుక్కునేది మనుషులు పట్టించుకోని చోటును. రోడ్డు పక్కన అరెకరం పొద, రైతు ఇంటి వెనుక పాతబడిన కొట్టం చుట్టూ పెరిగిన ముళ్లకంప, పొలం నడుమ నీళ్లు పోయే గండి, ఇలాంటి వాటిని వేటగాళ్లు చూసి కూడా దాటిపోతారు. ఒహాయోలోని పోర్టేజ్ కౌంటీలో 1940లో రైలు పట్టాల పక్కన చనిపోయి దొరికిన ‘హోల్ ఇన్ ది హార్న్’ పోతు కొమ్ములు 328 2/8 అంగుళాల స్కోరుతో ప్రపంచంలోనే అతిపెద్ద వాటిలో ఒకటిగా నమోదయ్యాయి. అంతటి జంతువు రైళ్లు తిరిగే చోట బతికిందన్న సంగతి మనం పడకల కోసం ఎక్కడ చూడాలో చక్కగా చెబుతోంది.

ఆ పొదలోకి మీరు వెళ్లకూడదు. మూడు నాలుగు వందల గజాల దూరంలో, గాలి మీ నుంచి దాని వైపు వీచని చోట, కారులోనో గట్టు చాటునో కూర్చుని చివరి గంట వెలుతురులో బైనాక్యులర్‌తో చేను అంచును చూడండి. ఏ మూల నుంచి లేళ్లు వస్తున్నాయి, ఏ మూల నుంచి ఒంటరి జింక వస్తోంది, ఎన్ని గంటలకు వస్తోంది అన్నది రాసుకోండి. విల్లు లేకుండా గడిపే ఈ సాయంత్రాలు వృథా అని చాలామంది అనుకుంటారు, కానీ నా లెక్కలో సీజను చివరి వేటలో సగం పని ఇదే.

కొత్తగా మంచు కురిసిన మరునాడు మధ్యాహ్నం చేను అంచున, అడవి లోపలికి వెళ్లకుండా, ఒక చుట్టు నడిచి చూడండి. పెద్ద పోతు అడుగు వెడల్పుగా పడుతుంది, కుడి ఎడమ అడుగుల మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది, పలుచటి మంచులో గిట్టలు ఈడ్చిన గీతలు కనబడతాయి. ఒక గుర్తు చూసి తేల్చేయకండి, ఇవన్నీ ఒకే జాడలో కలిసి ఉన్నాయా అని చూడండి. దారి పక్కన పాత పడక తగిలితే వంగి చూడండి. జింక ఒంటి వేడికి మంచు కొద్దిగా కరిగి మళ్లీ గడ్డకట్టి, అడుగున గాజు పొరలాగా నున్నగా ఉంటుంది. అందులో చలికాలపు వెంట్రుకలు, బోలుగా, పెళుసుగా, మొదట బూడిద రంగులో, కొసన నల్లగా, అతుక్కుని ఉంటాయి. పడక పొడవు నాలుగు అడుగులకు దగ్గరగా ఉండి, చుట్టుపక్కల చిన్న పడకలేవీ లేకుండా ఒంటరిగా ఉంటే అది పోతుదయ్యే అవకాశం ఎక్కువ. అది పడుకుని ఎటు చూసేదో కూడా ఆ గుంతను బట్టే తెలుస్తుంది; సాధారణంగా గాలి వీపు మీదుగా వచ్చేటట్లు, కళ్ల ముందు పల్లం విశాలంగా కనబడేటట్లు పడుకుంటుంది. వెనుక నుంచి వచ్చేదాన్ని ముక్కు కనిపెడుతుంది, ముందు నుంచి వచ్చేదాన్ని కన్ను కనిపెడుతుంది. అలాంటి జంతువు దగ్గరికి నడిచి వెళ్లడం సాధ్యం కాదు, అదే లేచి మీ దగ్గరికి నడిచి రావాలి.

ట్రైల్ కెమెరాలు (జంతువు కదిలితే వాటంతట అవే ఫోటో తీసేవి) పెడితే చేను అంచున, పడకకు దూరంగా పెట్టండి. ఫోటోలను ఫోనుకు పంపే సెల్ కెమెరా అయితే పదేపదే అక్కడికి నడవవలసిన అవసరం తప్పుతుంది. చలిలో మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి, లిథియం వాడండి. అర్ధరాత్రి తీసిన ఫోటోలు పోతు బతికే ఉందని చెబుతాయి. అస్తమయానికి అటూ ఇటూ అరగంటలో తీసిన ఒక్క ఫోటో ఎక్కడ కూర్చోవాలో చెబుతుంది.

మూడో పని: కూర్చునే చెట్టు, చేరుకునే దారి, బయటపడే దారి

ఆకులు రాలిన అడవిలో ఇరవై అడుగుల ఎత్తున మంచె మీద కూర్చున్న మనిషి ఆకాశం ముందు నల్లగా కనబడిపోతాడు. కాబట్టి అక్టోబరులో బాగా పనికొచ్చిన చెట్టు ఇప్పుడు పనికిరాకపోవచ్చు. ఎండిన ఆకులను వదలని ఓక్, పక్కనే సెడార్ గుబురు ఉన్న చెట్టు, రెండు మూడు కాండాలుగా చీలిన చెట్టు వెతకండి. అలాంటిది లేకపోతే నేల మీద బ్లైండ్ (దాక్కుని కూర్చునే గుడారం) మేలు. అయితే దాన్ని వేటకు కనీసం రెండు వారాల ముందే నిలబెట్టి, కొమ్మలతో కప్పి, జింకలకు అలవాటు కానివ్వాలి.

గాలి విషయంలో అంచనాలు పనికిరావు. అమెరికా వేటగాళ్లు పొలం గట్ల మీద పెరిగే మిల్క్‌వీడ్ కాయల దూదిని చిన్న డబ్బీలో పెట్టుకుంటారు. మన జిల్లేడు దూది లాంటిదే, మొక్కలు కూడా ఒకే కుటుంబానికి చెందినవి. ఒక పోగును వదిలితే అది వంద గజాల దాకా గాలి ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ కిందికి దిగుతుందో కళ్లకు కట్టిస్తుంది. పొడి చల్లే సీసాలు మొదటి కొద్ది గజాలే చూపిస్తాయి. సాయంత్రం నేల చల్లబడే కొద్దీ గాలి వాలు వెంట పల్లానికి జారుతుందన్న సంగతి మరవకండి. నాలుగు గంటలకు మీకు అనుకూలంగా ఉన్న గాలి ఐదు గంటలకు మీ వాసనను తీసుకెళ్లి పల్లంలోని చేలో పరచగలదు. అందుకే పల్లంలో మేత ఉన్నప్పుడు జింకలు దిగివచ్చే దారి కంటే ఇంకా దిగువన, వాగు వైపున చెట్టును ఎంచుకోవడం మేలు.

చేరుకునే దారి పడక కంటికీ ముక్కుకూ అందకుండా ఉండాలి. వాగు గట్టు కిందుగానో, కాలువ వెంటో, కోయని మొక్కజొన్న వరుసల మధ్యనో వెళ్లండి. గట్టిపడిన మంచు మీద అడుగు చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది కనుక రెండు మూడు రోజుల ముందు మధ్యాహ్నం వేళ ఆ దారిలో చివరి వంద గజాలు ఆకులు, కొమ్మలు తుడిచి పెట్టుకోవచ్చు.

బయటపడే దారిని చాలామంది ఆలోచించరు, వేట అక్కడే చెడుతుంది. చీకటి పడేసరికి చేలో ఇరవై జింకలు మేస్తుంటాయి, మీరు చెట్టు దిగితే అవన్నీ బుసకొట్టి పారిపోతాయి, మరునాటి నుంచి ఆ చేనుకు చీకటి పడ్డాకే వస్తాయి. భూయజమానిని గానీ స్నేహితుడిని గానీ ట్రక్కులో చేను దాకా రమ్మని ముందే మాట్లాడుకోండి. ట్రక్కును చూసి జింకలు పక్కకు తొలగుతాయి, కానీ అది వాటికి రోజూ కనబడేదే కనుక దాన్ని వేటతో ముడిపెట్టవు. అవి తొలగాక మీరు దిగండి. ఉదయపు వేటను నేను సిఫారసు చేయకపోవడానికి కారణం కూడా ఇదే: తెల్లవారుజామున జింకలు ఇంకా చేలోనే ఉంటాయి, చీకట్లో మీరు వాటి మధ్య నుంచే నడవవలసి వస్తుంది.

నాలుగో పని: రోజును ఎంచుకోవడం

ఉష్ణోగ్రత ఒక్కసారిగా పదిహేను, ఇరవై ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోయే రోజు కోసం చూడండి. మంచు తుపాను రావడానికి ముందు సాయంత్రం, అది దాటిపోయి ఆకాశం తేటపడి గాలి నెమ్మదించిన సాయంత్రం, ఈ రెండూ మంచివి. రెండింటిలో నేను రెండోదాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే తుపానులో పొద వదలని జింకలు అప్పటికి బాగా ఆకలిగొని ఉంటాయి. చలి ఒక్కటే చాలదు. గాలి దిశ మీ చెట్టుకు సరిపోవాలి, ఆ మధ్య పోతు వెలుతురులో కనబడి ఉండాలి, బయటపడే ఏర్పాటు జరిగి ఉండాలి. ఇవన్నీ కలవని రోజున, ఆఫీసుకు సెలవు పెట్టి ఉన్నా సరే, ఆ చెట్టు దగ్గరికి వెళ్లకండి. చేతులు ఊరుకోకపోతే లేడి పర్మిట్‌తో ఇంకో పొలానికి వెళ్లండి. వారాంతం ఒక్కటే తీరిక ఉన్నవారికి ఇది కష్టమైన మాటే, అయినా గాలి అనుకూలించని శనివారం వెళ్లి కూర్చుంటే ఆ తరువాత వచ్చే మంచి శనివారం కూడా పోతుంది.

విల్లును చలికి సిద్ధం చేయడం

చలిలో రెండు గంటలు కదలకుండా కూర్చున్న కండరాలు సెప్టెంబరులో లాగిన బిగువును లాగలేవు. 65 పౌన్ల విల్లును అలవాటుగా లాగేవారు కూడా దాన్ని నాలుగైదు పౌన్లు తగ్గించుకుని, మళ్లీ గురి సరిచేసుకోవాలి. విల్లును ఆకాశం వైపు ఎత్తకుండా, గురిపెట్టిన ఎత్తులోనే నిలిపి, నారిని నెమ్మదిగా వెనక్కి తీయగలిగితే ఆ బిగువు మీకు సరిపోయినట్లు. పదునైన ములికి ఉన్న బాణం 55 పౌన్ల విల్లు నుంచి వెళ్లినా ఇరవై గజాలలో జింక ఊపిరితిత్తులను దాటిపోతుంది. బిగువు గొప్ప కోసం పెనుగులాడి కదిలితే జింక చూస్తుంది.

వేటరోజు వేసుకునే బట్టలన్నీ వేసుకుని, ఆరుబయట, కుర్చీలో కూర్చుని సాధన చేయండి. మందపాటి కోటు చేతికి నారి తగిలితే బాణం పక్కకు పోతుంది, కాబట్టి ముంజేతికి గార్డు కట్టుకోవాలి. రొమ్ము దగ్గర జిప్పు, బైనాక్యులర్ తాడు, మెడకు చుట్టిన మఫ్లర్, వీటిలో ఏదీ నారి దారిలో ఉండకూడదు. టోపీ మందం పెరిగితే ముఖానికి నారి ఆనే చోటు మారుతుంది, దానితో పీప్‌లోంచి (నారిలో అమర్చిన గురి రంధ్రంలోంచి) చూసే కోణమూ మారుతుంది. గ్లవ్స్ మందంగా ఉంటే నారిని వదిలే రిలీజ్ ట్రిగ్గర్ మీద వేలు పడినట్లే తెలియదు, అప్పుడు బాణం మీరు అనుకోకముందే వెళ్లిపోతుంది. అందుకని పలుచటి గ్లవ్స్ తొడుక్కుని, నడుముకు కట్టుకునే మఫ్‌లో వేడి పొట్లాలు వేసి, చేతులు అందులో ఉంచుకోవడం ఉత్తమం.

చల్లబడిన విల్లును వెచ్చని ఇంట్లోకి తెస్తే దాని మీద తేమ పడుతుంది, మళ్లీ చలిలోకి తీసుకెళితే అది గడ్డకడుతుంది. బాణం ఆనించే రెస్ట్ పడవలసిన చోట పడకుండా ఇరుక్కుపోతుంది. రాత్రంతా గరాజ్‌లో పెట్టండి. చెట్టెక్కాక నారిని ఒకసారి నెమ్మదిగా లాగి, బాణం విడవకుండా తిరిగి వదిలి, ఎక్కడైనా కిర్రుమంటుందేమో వినండి. చలిలో నైలాన్ కోటు కాగితం నలిపినట్లు చప్పుడు చేస్తుంది, పై పొరగా ఉన్ని గానీ ఫ్లీస్ గానీ వేసుకోండి.

ఒంటిని కాపాడుకోవడం

నడిచేటప్పుడు చెమట పట్టకూడదు. పై కోటును సంచిలో వేసుకుని, కొద్దిగా చలివేస్తుండగానే నడిచి, చెట్టెక్కి ఒళ్లు చల్లారాక తొడుక్కోండి. ఒంటికి అంటుకునే పొర నూలుది కారాదు, మెరినో ఉన్ని గానీ సింథటిక్ గానీ అయి ఉండాలి. బూట్లు అర సైజు వదులుగా ఉంటే వేళ్లకు రక్తం ఆడుతుంది. వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడితే ఆ సాయంత్రపు వేట ముగిసినట్లే, దిగి వెళ్లిపోండి.

చెట్టుపై నుంచి పడడం వల్ల ఏటా వేటగాళ్లు మరణిస్తున్నారు, నడుములు విరిగి మంచాన పడుతున్నారు. మంచు పట్టిన మెట్ల మీద, మొద్దుబారిన చేతులతో ఎక్కే ఈ కాలంలో ముప్పు మరీ ఎక్కువ. ఒళ్లంతా పట్టే హార్నెస్ వేసుకుని, నేల మీద కాలు పైకెత్తే ముందే లైఫ్‌లైన్ తాడుకు తగిలించుకుని, మళ్లీ నేలను తాకేదాకా విప్పకండి. విల్లును చేత్తో పట్టుకుని ఎక్కకండి, కూర్చున్నాక తాడుతో పైకి లాక్కోండి. మీరు ఏ చెట్టు మీద ఉంటారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

ఆ సాయంత్రం

డిసెంబరు చివర కొలంబస్ ప్రాంతంలో సూర్యుడు ఐదు గంటల పది నిమిషాల ప్రాంతంలో అస్తమిస్తాడు. అస్తమయం తరువాత అరగంట దాకా వేటకు అనుమతి ఉంది. రెండున్నరకల్లా చెట్టు మీద ఉండండి, ఎందుకంటే గట్టి చలి రోజుల్లో కూనలు మూడింటికే చేలోకి వస్తాయి. ముందు కూనలు, తరువాత లేళ్లు, తరువాత చిన్న పోతులు, అన్నిటికన్నా ఆఖరున పెద్దది రావడం తరచుగా చూస్తాం. అంటే అది వచ్చేసరికి పదుల కళ్లు, చెవులు మీ చుట్టూ ఉంటాయి. లేళ్ల చెవులను చూస్తూ ఉండండి. చేలో ఉన్నవి మేత ఆపి అడవి వైపు తల తిప్పి ఒకే చోట చూస్తే అటు నుంచి ఇంకోటి వస్తోందని అర్థం. అప్పుడే విల్లు చేతికి తీసుకోవాలి, అది కనబడ్డాక కాదు.

నారి లాగే అదను దాని తల చెట్టు చాటుకు వెళ్లినప్పుడు, లేదా అది తల దించి మేస్తూ మీకు పెడగా ఉన్నప్పుడు వస్తుంది. పక్కకు తిరిగి ఉండాలి, లేదా కొద్దిగా అవతలి వైపు తిరిగి ఉండాలి. ఎదురుగా ఉన్నప్పుడు, ఇవతలికి తిరిగినప్పుడు బాణం వేయకండి. దూరం ఎందుకు ముఖ్యమో లెక్క చూడండి. బాణం సెకనుకు 280 అడుగుల ప్రాంతంలో వెళుతుంది, నారి చప్పుడు సెకనుకు సుమారు 1,100 అడుగులు వెళుతుంది. ముప్పై ఐదు గజాలలో బాణం కంటే చప్పుడు పావు సెకనుకు పైగా ముందే చేరుతుంది. సీజనంతా వేటకు గురై బెదిరి ఉన్న జింక ఆ పావు సెకనులో ఎగరడానికి కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించుతుంది, బాణం వీపు మీదుగా పోతుంది, లేదా అంతకంటే ఘోరంగా వీపు కండలో దిగుతుంది. కాబట్టి ఇరవై, ఇరవై ఐదు గజాలకు మించి వేయనని ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. ముంగాలి వెనుక, రొమ్ము ఎత్తులో కింది మూడో వంతు దగ్గర గురిపెట్టండి. అది కదలకపోతే గుండె, వంగితే ఊపిరితిత్తులు దొరుకుతాయి. తల ఎత్తి బిగుసుకుని ఉన్న జింక మీద బాణం వదలకండి. అది తిరిగి మేతలో పడేదాకా ఆగండి, పడకపోతే వెళ్లనివ్వండి.

బాణం తగిలాక

అది నిలబడిన చోటును, చివరగా కనబడిన చోటును ఫలానా చెట్టు, ఫలానా గట్టు అని గుర్తుపెట్టుకుని కదలకుండా కూర్చోండి. తరువాత బాణాన్ని చూడండి. నురుగుతో గులాబీ రంగు రక్తం ఉంటే ఊపిరితిత్తులు. అరగంట ఆగి వెళ్లవచ్చు. ముదురు ఎరుపు అయితే కాలేయం. నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. ఆకుపచ్చని జిగురు, పేడ వాసన ఉంటే పేగులకు తగిలింది. రాత్రంతా, కనీసం ఎనిమిది గంటలు వదిలేయాలి, ముందే కదిలిస్తే కిలోమీటర్లు పోయి ఎక్కడో బాధపడి చస్తుంది. చలికాలపు దట్టమైన వెంట్రుకలు, కొవ్వు రక్తాన్ని పీల్చుకోవడంతో మొదటి కొద్ది గజాల్లో చుక్క కూడా కనబడకపోవచ్చు, దాన్ని బట్టి తగలలేదని తేల్చేయకండి. మంచు మీద గిట్టల జాడ ఉంటుంది, దాని పక్కనే నడవండి, దాని మీద కాదు. కొత్త మంచు కురుస్తుంటే జాడ మూసుకుపోకముందే వెళ్లాలా, జంతువును కదిలించకుండా ఆగాలా అన్నది కష్టమైన నిర్ణయం. ఊపిరితిత్తుల రక్తమైతే వెంటనే వెళ్లడం, పేగులైతే మంచు పడినా ఆగి, గాయపడిన జింకల జాడ తీసే పట్టీ కుక్క ఉన్నవారిని పిలవడం సరైనదని నా అభిప్రాయం. జాడ పక్క పొలంలోకి వెళితే ఆ యజమాని అనుమతి లేకుండా కంచె దాటకండి.

దొరికిన వెంటనే పర్మిట్ వివరాలు నింపి, హంట్‌ఫిష్ ఓహెచ్ యాప్‌లో గడువులోగా గేమ్ చెక్ (వేటాడిన జింకను వన్యప్రాణి విభాగానికి తెలియజేయడం) పూర్తిచేయండి. పేగులు తీసేటప్పుడు చేతులకు గ్లవ్స్ ఉండాలి. మెదడు, వెన్నుపాము, ప్లీహం తినకండి. పైన చెప్పిన క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ నిబంధనలున్న కౌంటీలలో వేటాడితే మెడ దగ్గరి గ్రంథుల నమూనా పరీక్షకు ఇచ్చి ఫలితం వచ్చేదాకా మాంసాన్ని విడిగా ఉంచండి, తలను, వెన్నును ఆ ప్రాంతం బయటికి తీసుకెళ్లే ముందు నిబంధన చూడండి. 34 నుంచి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య మూడు నాలుగు రోజులు వేలాడదీస్తే మాంసం మెత్తబడుతుంది. గరాజ్‌లో అంతకన్నా చలిగా ఉండి గడ్డకడితే ఆ మెత్తదనం రాదు, కాబట్టి థర్మామీటర్ పెట్టి చూసుకోండి. ఎదకాలం దాటి వచ్చిన ముదురు పోతు మాంసంలో కొవ్వు తక్కువ, నార ఎక్కువ. వెన్ను కండను పెద్ద సెగ మీద వేసి త్వరగా దించేయాలి. తొడ, జబ్బ కండలను పెరుగులో, అల్లం వెల్లుల్లి ముద్దలో రాత్రంతా నానబెట్టి కుక్కర్‌లో మేకమాంసానికి పెట్టేదానికంటే మూడు నాలుగు కూతలు ఎక్కువ పెట్టండి. కండకు అంటుకున్న తెల్లటి కొవ్వును ముందే కోసి తీసేయాలి, చల్లారితే అది నోటికి మైనంలా అంటుకుంటుంది. ఇంటికి అవసరమైనదానికన్నా ఎక్కువైతే, వేటగాళ్లు ఇచ్చిన జింక మాంసాన్ని ఆహార నిల్వ కేంద్రాలకు చేర్చే ‘ఫార్మర్స్ అండ్ హంటర్స్ ఫీడింగ్ ది హంగ్రీ’ సంస్థతో కలిసి పనిచేసే కసాయి దుకాణం మీ కౌంటీలో ఉందేమో సీజను మొదట్లోనే కనుక్కుని ఉంచుకోండి.